బేరమాడిన చలి

ఐదు దేశాల వాతావరణ ఉపగ్రహాలూ కూడబలుక్కుని ఒకే అబద్ధం చెబుతున్నాయని, వాటికి ఆ అబద్ధం నేర్పింది తన సొంత మేనమామేనని, సమావేశానికి ఇంకో పావుగంట ఉందనగా ఆమె కనిపెట్టింది. కనిపెట్టి, ల్యాప్‌టాప్ మూత సగం దించి, ఎవరైనా చూశారేమోనని హాలంతా కలయజూసింది. ఎవరున్నారు గనక? గుండ్రటి బల్ల, చుట్టూ ఖాళీ కుర్చీలు, కుర్చీకో మైకు, మైకుకో మీట, మీట నొక్కితే వెలిగే ఎర్రటి వలయం. గోడవార అద్దాల గదిలో దుబాసీ ఒక్కతే కూర్చుని, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని గొంతు సవరించుకుంటోంది. ఈ దేశం వాళ్ళు మాట్లాడింది మిగతా దేశాల చెవుల్లో పోయడం ఆవిడ పని. ఊరొచ్చిన ప్రతినిధులంతా వరండాలో టీ తాగుతున్నారు. నవ్వులు వినిపిస్తున్నాయి, అన్నింటికంటే పెద్ద నవ్వు మామయ్యది. ఆ నవ్వుకి ఆమె చేతివేళ్ళు చల్లబడ్డాయి. చలి. అవును, ఇదంతా చలి గురించే కదా. మేఘం ఎంత ఎత్తుకి లేస్తే దాని నెత్తి అంత చల్లన, నెత్తి ఎంత చల్లనైతే కింద తుఫాను అంత బలం. జ్వరమొచ్చిన పిల్లాడి నుదుటి మీద తల్లి చెయ్యి వేసి చూసినట్టు ఉపగ్రహం మేఘం నెత్తి మీద చూపు వేసి చూస్తుంది, ఇంతేనమ్మా మన వృత్తి, అని మామయ్య ఆమెకి మొదటిరోజు చెప్పాడు. ఆ చెయ్యే కాలిపోతుంటేనో, గడ్డకట్టిపోతుంటేనో, అని ఆమె అడిగింది. అది చూడటానికే నువ్వున్నావు, అన్నాడు. చూసింది. ఇవాళ చూసింది. చూడకపోతే ఎంత బాగుండేదో అని ఒక్క క్షణం అనుకుని, ఆ ఆలోచనని అక్కడికక్కడే పీక పిసికి చంపేసింది.

కోడలి పుణ్యం. రెండేళ్ళ కిందట ఒక చిన్న దేశం సొంతంగా ఒక ఉపగ్రహం పంపింది. పంపి, మమ్మల్నీ మీ జట్టులో చేర్చుకోండి, కొలతలు సరిచూసుకుందాం అని తలుపు తట్టింది. రెండు ఉపగ్రహాల దారులు కలిసేచోట రెండూ ఒకే క్షణంలో ఒకే మేఘాన్ని చూస్తాయి, రెండూ ఒకే మాట చెప్పాలి, చెప్పకపోతే ఎవరిదో కన్ను చెడినట్టు. ఐదు దేశాలవీ చక్కగా కలిశాయి. ఆ చిన్నదాని మాట ఒక్కటే వేరు, మేఘాల నెత్తిన మీరనుకున్నదానికంటే చలి ఎక్కువుంది అంటుంది, ఆ తేడా పోనుపోను ఆరు డిగ్రీల దాకా వచ్చింది. పెద్దలు విరగబడి నవ్వారు. గడప తొక్కకుండానే అత్తగారింట్లో అందరికీ వంకలు పెడుతోందిరా ఈ కొత్త కోడలు, అని మామయ్య అన్నాడు, దుబాసీ దాన్ని ఎలా మార్చి చెప్పిందో గానీ ఐదు దేశాలూ మళ్ళీ నవ్వాయి, ఆ పేరు అలాగే ఉండిపోయింది. ఆ దేశపు శాస్త్రవేత్త పొడుగ్గా ఉండే సిగ్గరి మనిషి, ఎవరైనా పలకరిస్తే చెవులు ఎర్రబడతాయి, కాగితాలు సర్దుకుంటూ అవునవును, తప్పు మాదే అయ్యుంటుంది అన్నాడు. దాని తప్పెక్కడుందో వెతికిపెట్టు చిట్టీ, దిద్ది ఇంట్లో కలుపుకుందాం అని మామయ్య ఆ పని ఆమెకే అప్పగించాడు. వెతికింది. కోడలి కళ్ళు చూసింది, పళ్ళు చూసింది, నడక చూసింది. తప్పు దొరకలేదు. ఇవాళ అందరికంటే ముందొచ్చి కూర్చుని, విసుగెత్తి, పోనీ ఒకసారి తిరగేసి చూద్దాం, కోడలిదే రైటనుకుని ఇంటిపెద్దని నిలబెట్టి అడుగుదాం అనుకుంది. ఇంటిపెద్ద అంటే తమ దేశపు ఉపగ్రహం. అన్నింటికంటే పాతది, అందరూ పెద్దన్న అంటారు, తేడా వస్తే మిగతా నలుగురూ ముందు దాని మాటే నమ్ముతారు. రెండేళ్ళ తేడాని గీతగా గీయించింది. గీత రాలేదు. మెట్లు వచ్చాయి.

మెట్లు. పరికరం పాతబడితే తాడు సాగినట్టు సాగుతుంది, గుడ్డ వెలిసినట్టు వెలుస్తుంది, మెట్లు దిగదు. మెట్టు కట్టాలంటే మేస్త్రీ ఉండాలి. ఆ మెట్ల మీద ఆమె తమ నెలవారీ సమావేశాల తేదీలు పరిచింది. ప్రతి మెట్టూ సరిగ్గా ఒక సమావేశం మర్నాడే. పైనున్న మేఘానికి వీళ్ళ సమావేశం ఎప్పుడో తెలియదు. తెలిసినవాళ్ళు కిందే ఉన్నారు, వరండాలో, చేతుల్లో టీకప్పులతో. జట్టులో ఒక కట్టుబాటుంది, తమ ఉపగ్రహం లెక్కని ఎంత దిద్దాలో, ఒకరిదొకరు చూసుకోకుండా ఎవరి అంకె వాళ్ళు ముందుగా పంపాలి, అప్పుడే అన్నీ ఒకేసారి తెరవాలి. పరీక్ష హాల్లో పక్కవాడి కాగితం చూడకూడదన్నట్టు. కానీ మామయ్య ప్రతి సమావేశానికి ముందురోజు ఒక్కొక్కరినీ భుజం మీద చెయ్యేసి వరండా చివరికి తీసుకెళ్ళేవాడు. ఆమె ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఫైళ్ళు మోసుకుంటూ వెనకే నడిచేది, చెవిన పడేవి ఆ మాటలు. నువ్వో అర డిగ్రీ దిగు, నేనో అర డిగ్రీ దిగుతా, రేపు అందరి ముందూ మొహమొహాలు చూసుకోవడం ఎందుకు? అవతలివాళ్ళు పెద్దాయన మాట కాదనలేక సరే అనేవాళ్ళు. మర్నాడు అంకెలు తెరిస్తే అన్నీ ఒక్కటి, ఆ మరుసటి రోజు నుంచి అవే లెక్కల్లోకి ఎక్కేవి. చప్పట్లు. ఎంత నేర్పో అని అప్పట్లో మురిసిపోయింది ఆమె. దేశాలు యుద్ధాలు చేసుకుంటున్న కాలంలో మామయ్య దేశాల్ని కలుపుతున్నాడు అనుకుంది. కలిపింది దేశాల్ని కాదు, మేఘం మీది చలిని సంతలో వంకాయల్లా బేరమాడాడు. ఛీ, వంకాయలకైనా తూకం ఉంటుంది.

బేరం ఎందుకాడాల్సొచ్చిందో కూడా ఆమెకి తెలుసు, అదే గుండెల్లో గుచ్చుకుంటోంది. ప్రతి ఉపగ్రహం పొట్టలో ఒక నల్లపలక ఉంటుంది. పరికరం ముందు ఆ పలకని చూసి ఇది వెచ్చన అనుకుంటుంది, తర్వాత ఏమీలేని శూన్యాన్ని చూసి ఇది చల్లన అనుకుంటుంది, ఆ రెండింటి మధ్య మేఘాన్ని కొలుస్తుంది. పలకకి ఎంత వేడుందో చెప్పే చిన్న ఉష్ణమాపకం అబద్ధమాడితే ఆపైన ప్రతిదీ అబద్ధమే. పెద్దన్న పలక తేడా చేస్తోందని మొదట చూసింది ఆమే. పరుగున వెళ్ళి చెప్పింది. వయసైతే ఎవరికైనా చెయ్యి వణుకుతుంది చిట్టీ, ఇది నేను చూసుకుంటాలే అన్నాడు మామయ్య. మర్నాటి నుంచి పలక సంగతులు ఆమె తెర మీదికి రావడం మానేశాయి, ఆయన తెర మీదికే వెళ్ళాయి. నమ్మింది. నమ్మకేం? చేతుల్ని నమ్మొద్దని నేర్పిందే ఆయన. చిన్నప్పుడు పెరట్లో మూడు బకెట్లు పెట్టి, ఒకదాంట్లో వేన్నీళ్ళు, ఒకదాంట్లో ఐసునీళ్ళు, నడిమిదాంట్లో గోరువెచ్చనివి పోసి, ఆమె కుడిచెయ్యి వేడిలో, ఎడమచెయ్యి చలిలో ముంచి, ఇప్పుడు రెండూ మధ్య బకెట్లో పెట్టు అన్నాడు. ఒక చెయ్యి చల్లన అంది, ఇంకోటి వేడి అంది. నీళ్ళు ఒకటే, చేతులే అబద్ధాలకోర్లు, అన్నాడు. ఆమె నోరు వెళ్ళబెట్టింది. అన్నయ్య మాత్రం నేను చేతుల్తో కాదు, మొహంతో కొలుస్తా అని బకెట్లో తల ముంచేశాడు. ఎంతకీ ఎత్తడే. ఆమె కెవ్వున అరిస్తే మామయ్య జుట్టు పట్టి పైకి లాగాడు, వాడు నీళ్ళు చిమ్ముతూ పకపకా నవ్వాడు. వీడు నీళ్ళలో పుట్టాల్సినవాడు అన్నాడు మామయ్య. జుట్టు పట్టి లాగే చెయ్యి అప్పుడుంది. అదే చెయ్యి.

అన్నయ్య సరంగయ్యాడు. దీవికీ ఒడ్డుకీ మధ్య లాంచీ నడిపేవాడు, ప్రయాణికులు, కోళ్ళ గంపలు, సైకిళ్ళు, పుట్టింటికెళ్ళే ఆడవాళ్ళు. పోయినేడు ఒక పొద్దున సముద్రం మీద ఒక మేఘం లేచింది. ఐదు ఉపగ్రహాలూ దాని నెత్తి మీద చూపు వేసి, మామూలు గాలివానే, పోవచ్చు అన్నాయి. రేవులో చిన్న జెండా ఎగరేశారు, చిన్న జెండాకి లాంచీలు ఆగవు. కోడలు ఒక్కతే పైనుంచి అరిచింది, తుఫాను, తుఫాను, ఆరు డిగ్రీలు, అని. కోడలి మాట ఎవడు వింటాడు? ఆ పొద్దున ఆమె కూడా ఆఫీసులో తెర మీద అదే మేఘాన్ని చూస్తూ కాఫీ తాగింది. బూడిదరంగు కాలీఫ్లవర్ పువ్వులా ముద్దుగా ఉంది. మధ్యాహ్నానికి లాంచీ బోర్లాపడింది. రేవుగట్టు మీద చెప్పులు వరసగా పేర్చారు, ఎవరివి ఎవరు గుర్తుపడతారో అని. అన్నయ్యవి వాటిల్లో లేవు, వాడు లాంచీ మీద చెప్పులు వేసుకోడు. అసలు దొరకనే లేదు. ఆ తర్వాత విచారణ. మామయ్య కోటు వేసుకుని వెళ్ళి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, గొంతు వణకనిచ్చి చెప్పాడు. నడిపినవాడు నా మేనల్లుడే, అయినా నిజం నిజమే. ఐదు దేశాలు విడివిడిగా కొలిచి ఒకే మాట చెప్పాక లెక్క తప్పెలా అవుతుంది? విడివిడిగా! ఆ మాటకి విచారణాధికారి తల పంకించాడు. లెక్క తప్పు కానప్పుడు తప్పు ఇంకెవరిది, సరంగుది. ఎక్కువమందిని ఎక్కించాడు, తాగి ఉన్నాడు కాబోలు, కుర్రతనం. పోయినవాడు ఎదురు మాట్లాడడు గనక ఎన్ని తప్పులైనా మోస్తాడు.

వదిన ఇంటి కిటికీ మీద రాళ్ళు పడ్డాయి. పగిలిన అద్దం చోట వదిన అట్టముక్క అతికించింది, ఏడాదైనా ఆ అట్ట తియ్యలేదు, ఇంకా రాళ్ళు రావాల్సి ఉన్నాయి కదమ్మా అంది, ఏడవకుండా. అమ్మ ఇంకో రకం. అమ్మకి తమ్ముడి మాటంటే వేదవాక్కు. వాడు చెప్పాడంటే చెప్పాడే, నా కొడుకే అంతమందిని ముంచాడు అని, గోడకున్న అన్నయ్య ఫొటో తీసి, మొహం గోడవైపు తిప్పి మళ్ళీ అదే మేకుకి తగిలించింది. తీసి పారేసినా బాగుండేది. ఇప్పుడు ఆ ఇంటికి వెళితే ఫొటో వెనకవైపు అట్టా, తుప్పుపట్టిన చిన్న కొక్కెం కనిపిస్తాయి. వాడి పేరెత్తితే అన్నం మధ్యలో లేచిపోతుంది. అమ్మా, వాడు నీ కడుపున పుట్టాడే అని ఒకసారి ఆమె అంటే, అందుకే సిగ్గుతో చస్తున్నాను, పరాయివాడైతే తిట్టి ఊరుకునేదాన్ని అంది. ఆ మాట ఆమె ఇంకా మింగలేదు, కక్కలేదు.

ఇవాళ పొద్దున అమ్మ ఫోన్ చేసింది. మీ మామయ్య నీలం కోటు వేసుకున్నాడా, గోధుమరంగుదా? నీలమే నప్పుతుంది వాడికి, చెప్పు. మామయ్యకి ఇవాళ సన్మానం, ఐదు దేశాలూ కలిసి ఆయన్ని జట్టుకి జీవితకాలం పెద్దని చేస్తున్నాయి. ప్రత్యక్ష ప్రసారమట, అక్కా చూడు అని మామయ్య స్వయంగా వెళ్ళి ట్యాబ్లెట్ కొనిచ్చి, ఎక్కడ నొక్కాలో చూపించి వచ్చాడు. సన్మానం అయ్యాక తీర్మానం, కొత్త కోడలు తన లెక్కని ఆరు డిగ్రీలు దిద్దుకుంటేనే జట్టులోకి రావాలని. నిజం చెప్పే ఒక్క కన్నునీ అందరూ కలిసి పొడిచెయ్యడం. పొడిచే సూది ఆమె చేతికిచ్చారు. ఆ తర్వాత రేపెప్పుడో ఇంకో మేఘం లేస్తే, ఇంకో రేవు, ఇంకో చిన్న జెండా. ఈ హాల్లో బల్ల మీది కెమెరా అప్పుడే పనిచేస్తోంది, ఖాళీ కుర్చీల్ని ప్రపంచానికి చూపిస్తోంది; గోడనిండా ఉన్న పెద్ద తెర మీద, ఈసారి రాలేకపోయిన దూరదేశాల వాళ్ళు ఎవరి ఆఫీసుల్లో వాళ్ళు కూర్చుని కాగితాలు తిరగేస్తూ, ఆవలిస్తూ, ఒకాయన చెవిలో వేలు పెట్టి తిప్పుకుంటూ కనిపిస్తున్నారు. అందరి తలలకీ హెడ్‌ఫోన్లు. బొమ్మ వెళుతోంది, మాట వెళ్ళడం లేదు. మాట వెళ్ళాలంటే మీట నొక్కాలి. ఆమె ఆ మీట వైపు చూసింది. గుండీ అంత ఉంది. అమ్మ ఈపాటికి ట్యాబ్లెట్ ముందు కుర్చీ వేసుకుని కూర్చుని ఉంటుంది, కళ్ళజోడు పైట చెంగుతో తుడుచుకుంటూ. మీట నొక్కితే అన్నయ్య మొహం ఇటు తిరుగుతుంది. కానీ తిప్పాల్సిన అమ్మ చేతులు అప్పటికి ఉంటాయా? కొడుకు పాపిష్టివాడన్న నమ్మకం మీద ఆవిడ ఏడాదిగా లేచి, తిని, పడుకుంటోంది. తమ్ముడు దేవుడన్న నమ్మకం మీద అంతకంటే ఎక్కువగా. రెండు కర్రలూ ఒకేసారి లాగేస్తే ముసలిది నిలబడుతుందా? నిలబడకపోతే పడనీ, అని ఆమెలో ఎవరో అన్నారు. ఎవరా అని చూస్తే తనే. ఫొటో తిప్పినప్పుడు చేతులు వణకలేదుగా ఆవిడకి. ఆ గొంతు అమ్మ గొంతులాగే ఉంది. ఈ కుటుంబంలో అందరికీ ఒకే నల్లపలక కాబోలు.

వరండాలో నవ్వు దగ్గరపడింది, తలుపు తెరుచుకుంది, మామయ్య ఒక్కడే లోపలికొచ్చాడు. నీలం కోటే. చేతిలో బిస్కట్టు. సరాసరి ఆమె దగ్గరికొచ్చి, ఎప్పట్లాగే కుర్చీలో కాకుండా బల్ల అంచు మీద కూర్చున్నాడు, మైకు ఆయన వీపు వెనక, పెద్ద తెర కూడా వీపు వెనకే. తను అధ్యక్షుడి కుర్చీలో కూర్చుంటేనే సభ మొదలైనట్టని ఆయన నమ్మకం. ఇన్నేళ్ళూ అలాగే జరిగింది.

"ఏమే చిట్టీ, కోడలి రోగం కుదిర్చావా?"

"కోడలికి రోగం లేదు మామయ్యా."

ఆమె ల్యాప్‌టాప్ మూత ఎత్తింది. ఆయన బిస్కట్టు నములుతూ చూశాడు. నమలడం నెమ్మదించింది. చూపు ఒక్కో మెట్టే దిగింది, కింది తేదీల దాకా దిగి, అక్కడ కాసేపు కూర్చుంది. బుకాయిస్తాడనుకుంది, అరుస్తాడనుకుంది. ఆయన పెదాల మీది పొడి దులుపుకుని నవ్వాడు, పిల్ల మొదటిసారి సైకిలు తొక్కితే నవ్వినట్టు.

"తారీఖులు కూడా పరిచావే! నా పేరు నిలబెట్టావు. ఇది ఇంకెవరికైనా చూపించావా?"

"లేదు."

"మంచిదానివి. చెరిపెయ్. చెరిపేస్తే వచ్చే ఏడు ఈ ఆఫీసు నీదే, నా మాట."

బేరం. ఇక్కడా బేరమే. నువ్వో మెట్టు దిగు, నేనో మెట్టు దిగుతా. ఆమె చెయ్యి ఆయన వెనక్కి, మంచినీళ్ళ సీసా అందుకోబోతున్నట్టు వెళ్ళింది. మీట మెత్తగా లోపలికి దిగింది. ఎర్రటి వలయం ఆయన నీలం కోటు వీపు మీద చిన్న మరకలా వెలిగింది. బల్ల మీద పడున్న హెడ్‌ఫోన్లలో దుబాసీ గొంతు ఏదో పరాయిభాషలో చీమల్లా పాకడం మొదలెట్టింది. అద్దం వెనక ఆవిడ పెదాలు కదులుతున్నాయి, కళ్ళు మాత్రం పెద్దవవుతున్నాయి. పెద్ద తెర మీద చెవిలో వేలు పెట్టుకున్నాయన వేలు తీసేశాడు. చిన్న దేశపు సిగ్గరి శాస్త్రవేత్త కాగితాల్లోంచి తలెత్తాడు.

"నల్లపలక చెడిపోయిందని నీకెప్పటి నుంచి తెలుసు మామయ్యా?"

"నువ్వొచ్చి చెప్పావు చూడు, ఆ రోజు నుంచే."

ఆమె ఫోన్ బల్ల మీద వణికింది. అమ్మ. తమ్ముడి మైకు పొరపాటున వెలిగిందని హెచ్చరించడానికే అయ్యుంటుంది, పాపం, తమ్ముడి మాట బయటికి పోతోందని కంగారు. అమ్మ పేరు తెర మీద వెలుగుతూ ఆరుతూ ఉంది. ఇప్పుడు ఎత్తితే ఇక్కడితో ఆగుతుంది. ఆమె ఫోన్‌ని చేతిలోకి తీసుకుని, మొహం కిందికి తిప్పి, బల్ల మీద పెట్టింది.

"అన్నయ్య పోయిన పొద్దున కూడా తెలుసా?"

మామయ్య కళ్ళద్దాలు తీశాడు. ఈసారి తుడుచుకోలేదు.

"తెలియకేం? మేఘాన్ని చూడగానే తెలిసింది, అది చిన్న జెండా మేఘం కాదని. చలిని ఆరు డిగ్రీలు తగ్గించి చూపిస్తున్నామని నాకు తెలుసు, మిగతా నలుగురికీ తెలియదు, పాపం, వాళ్ళు నా మొహం చూసి సర్దుకున్నారు. నేను మాత్రం ఏం చేశాను? దొంగతనం చేశానా? అందర్నీ ఒక మాట మీద నిలబెట్టాను. పెద్దన్నకి కళ్ళు పోయాయని చెబితే రేపట్నుంచి మన గుమ్మం ఎవడు తొక్కుతాడే? ఎలాగూ ఇంత తెలుసుకున్నావు గనక ఇంకోటి కూడా విను, ఇది మీ అమ్మకి కూడా తెలియదు. ఆ పొద్దున వాడు రేవు నుంచి నాకు ఫోన్ చేశాడు. 'మామయ్యా, జెండా చిన్నదే ఎగరేశారు గానీ ఆకాశం నాకు నచ్చలేదు, నీళ్ళ వాసన కూడా బాగోలేదు, నువ్వు పొమ్మంటేనే పోతాను' అన్నాడు. ఆగరా అంటే ఎందుకు మామయ్యా అంటాడు. ఎందుకో చెబితే సాయంత్రానికి ఐదు దేశాలకీ తెలిసిపోతుంది. అందుకని వెంటనే చెప్పేశాను, వాడికి అనుమానం రాకుండా నవ్వుతూ చెప్పాను. 'పోరా, ఏం కాదు, పైనుంచి నేను చూస్తున్నానుగా' అన్నాను."